బహిర్ దార్‌లో మా ఇంటివాళ్లు



విదేశాలకు పాఠాలు చెప్పడానికి వెళ్లే మనవాళ్లు బయల్దేరే ముందు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. జీతం ఎంత ఇస్తారు, ఇల్లు వాళ్లే చూపిస్తారా, సోనా మసూరి దొరుకుతుందా, కందిపప్పు ఇక్కణ్నుంచే పట్టుకెళ్లాలా? నన్ను కూడా ఇవే అడుగుతుంటారు. తెలిసినంతవరకు చెబుతూ ఉంటాను. అక్కడ ఎవరింటితో రాకపోకలు పెట్టుకోవాలి అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఇథియోపియాలో, బహిర్ దార్ అనే ఊళ్లో, నేను విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పాను. ఆ ఊళ్లో నేను అద్దెకున్న ఇంటివాళ్లు ఇవాళ మా చుట్టాల్లో లెక్క. అది ఎలా కుదిరిందో చెప్పాలనే ఈ ప్రసంగం.

ఇథియోపియాకు మన దేశపు పంతుళ్లు వెళ్లడం కొత్తేమీ కాదు. 1941లో ఇటలీ ఆక్రమణ తొలగిపోయాక హైలే సెలాసీ చక్రవర్తి కొత్తగా చాలా బడులు తెరిపించారు. చెప్పేవాళ్లు చాలక బయటి దేశాల నుంచి పిలిపించారు. అలా వెళ్లినవాళ్లలో మనవాళ్లు చాలామంది, అందులోనూ మలయాళీలు ఎక్కువ. రాజధాని అడిస్ అబాబాలోనే కాదు, మారుమూల కొండ ఊళ్లలో కూడా వాళ్లు లెక్కలు, సైన్సు చెప్పారు. ఆ దేశంలో వయసు మళ్లినవాళ్లతో మాట కలిపితే, తమ బడిలో ఇండియా మాస్టారు ఒకరు ఉండేవారని గుర్తు చేసుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. 1974లో చక్రవర్తిని గద్దె దించాక ఆ వలస పలచబడింది. మళ్లీ తొంభైల తర్వాత అక్కడి ప్రభుత్వం విశ్వవిద్యాలయాలు వరసగా తెరిచింది. రెండో మూడో ఉన్నచోట పదులకొద్దీ వచ్చాయి. లెక్చరర్లు కావలసి వచ్చారు. అప్పుడు మన తెలుగువాళ్లం కూడా బాగానే వెళ్లాం. మెకెలె, గోందర్, జిమ్మా, హవాసా, ఆర్బా మించ్ అనే పేర్లు మన కాలేజీ స్టాఫ్ రూముల్లో నలిగిన పేర్లే.

బహిర్ దార్ తానా సరస్సు ఒడ్డున ఉంటుంది. నీలి నైలు నది బయల్దేరేది ఆ సరస్సులోంచే. సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తు కాబట్టి మేలో కూడా మన ఎండ ఉండదు. వీధుల్లో తిరిగేవి మన బజాజ్ ఆటోలే, అక్కడ ఆటోని బజాజ్ అనే పిలుస్తారు. జమ్ములాంటి పపైరస్ కాడలతో అల్లిన సన్నటి పడవల మీద కట్టెల మోపులు వేసుకుని లంకల నుంచి జనం ఒడ్డుకి వస్తారు.

మా ఆయన, అమ్మాయి విశాఖపట్నంలోనే ఉండిపోయారు. నేను ఒక్కదాన్నే వెళ్లాను. పెద్ద ఇనప గేటు, లోపల వాకిలి, ముందు ఇంటివాళ్లు, వెనక నా రెండు గదులు. ఇంట్లో తాతగారు, నాయనమ్మగారు, వాళ్ల కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. మనవడు పెద్దవాడు, మనవరాలు చిన్నది. పెద్దావిడని వీధంతా ‘ఎమామా’ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. కోడలిని ‘ఎటెటె’ అన్నాను. వాళ్లందరూ నన్ను ‘మెమ్‌హిర్’ అన్నారు, అంటే గురువు.

వెళ్లిన కొత్తలోనే కాఫీకి పిలుపు వచ్చింది. ఆ కాఫీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నేల మీద పచ్చగడ్డి పరిచి, బొగ్గుల కుంపటి పక్కన ఎత్తు పీట వేసుకుని ఎటెటె కూర్చునేది. పచ్చి గింజలు మూడు నాలుగు నీళ్లు కడిగి, పెనం మీద వేసి, ఇనప కడ్డీతో ఆపకుండా కదుపుతూ వేయించేది. గింజ నల్లబడి నూనె మెరుపు వచ్చేసరికి పెనం పట్టుకుని లేచి కూర్చున్నవాళ్ల ముందుకు ఒక్కొక్కరి దగ్గరికీ తెచ్చేది. మనం ఆ పొగని చేత్తో ముఖం మీదికి తోసుకుని వాసన చూసి, బాగుందని చెప్పాలి. ఆ తర్వాత రోట్లో దంపడం, పొడుగు మెడ నల్లమట్టి కూజాలో కాచడం, చెవుల్లేని చిన్న కప్పుల్లోకి పైనుంచి సన్నటి ధారగా పొయ్యడం. పక్కన సాంబ్రాణి. నంజుకోవడానికి వేయించిన బార్లీ గింజలు, లేదా పేలాలు. ఒక్కసారి తాగి లేవకూడదు. అదే పొడిలో మళ్లీ నీళ్లు పోసి రెండో వాయి, ఇంకోసారి పోసి మూడో వాయి. అబోల్, తోనా, బరకా అని మూడింటికీ పేర్లు. మూడోది ఆశీర్వాదం లాంటిది, అది తాగకుండా లేచిపోతే బాగుండదు. మొత్తం గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరలో వీధి సంగతులన్నీ అయిపోతాయి. భాష రాకపోయినా అక్కడ కూర్చుంటే ఎవరికి ఎవరితో పడుతుందో పడదో తెలిసిపోతుంది.

భోజనం దగ్గర మనవాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. దాన్ని దాచడం ఎందుకు? అక్కడ ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెంలో తింటారు. ఇంజెరా అనే పెద్ద రొట్టె పరిచి, దాని మీద కూరలు వడ్డించి, చుట్టూ కూర్చుని కుడిచేత్తో తుంచుకుంటారు. ఇంజెరా పిండి దోసెపిండిలా పులుస్తుంది, కాకపోతే రెండు మూడు రోజులు. తెఫ్ అనే గింజ పిండి అది. గింజ ఎంత చిన్నదంటే గుప్పిట్లో పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఇక ఇష్టమైనవాళ్లకు ముద్ద చుట్టి నోట్లో పెడతారు, దాన్ని గుర్షా అంటారు. మనకేమో ఎంగిలి పట్టింపు నరనరానా ఉంటుంది. నా పక్కన కూర్చున్న ఎమామా చెయ్యి నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. మిరపపొడి ఎరుపు గోళ్లలో ఇంకిపోయిన చెయ్యి. ఉంగరం వేలు కొద్దిగా వంకర. ముద్ద మీద పప్పు జారకుండా బొటనవేలితో అదిమి, నా నోటి ముందు ఆపి, నేను నోరు తెరిచేదాకా అలాగే పట్టుకుంది. నేను తిన్నాను. ఎంగిలి మాట మనసులో మెదలకపోలేదు. అయినా అన్నం పెడుతున్న చేతిని కాదనే ధైర్యం మా అమ్మ నాకు నేర్పలేదు.

నేను శాకాహారినని వాళ్లు ఒక్కరోజు కూడా ఇబ్బంది పడలేదు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఈస్టర్‌కు ముందు 55 రోజులు వరసగా ఉపవాసమే. ఉపవాసమంటే పొద్దున ఏమీ ముట్టరు, ఆ తర్వాత తిన్నా మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏవీ లేకుండా తింటారు. కాబట్టి పప్పులతో, ఆకుకూరలతో వంట చెయ్యడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య.

కాలం లెక్క మొదట్లో తికమక పెట్టేది. వాళ్లకు రోజు పొద్దుపొడుపుతో మొదలు. రెండు గంటలకి క్లాసు అంటే మన ఉదయం ఎనిమిది. మన పెద్దలు కూడా గడియలు సూర్యోదయం నుంచే లెక్కపెట్టేవారు కదా. ఏడాదికి పదమూడు నెలలు, ఆ పదమూడోది ఐదు రోజులో ఆరు రోజులో. సంవత్సరం మనకంటే ఏడెనిమిది వెనక. మనకు 2007 సెప్టెంబరు 12న వాళ్లు 2000 సంవత్సరం పండగ చేసుకున్నారు.

ఇంతవరకు చెప్పిందంతా అతిథి మర్యాద. ఇథియోపియా వెళ్లిన ప్రతి తెలుగు లెక్చరర్‌కీ ఈ మర్యాద జరిగింది. ఫొటోలు తీసుకుని వచ్చాం. కానీ దాన్ని స్నేహం అనడానికి నాకు మనసొప్పదు. అతిథికి పీట వేస్తారు, మంచి ముక్క వడ్డిస్తారు, అతను వెళ్లాక తలుపేసుకుని ఇంటి సంగతులు మాట్లాడుకుంటారు. తలుపు వెయ్యకుండా మాట్లాడుకోవాలంటే వాళ్లకి మనతో పని పడాలి. మనకి వాళ్లతో పని పడాలి. మనవాళ్లు చాలామంది ఈ రెండో సగం దగ్గర ఆగిపోతారు. పెట్టడం మనకి బాగా వచ్చు. ఒకరి దగ్గర పుచ్చుకోవడం, పని చేయించుకోవడం, పరాయి దేశంలో ఇంకొకరి మీద ఆధారపడటం అంటే నామోషీ. నలుగురం తెలుగువాళ్లం ఒక ఇంట్లో చేరి అన్నం వండుకుని, ఆవకాయ జాడీ మధ్యలో పెట్టుకుని, కాంట్రాక్టు అయిపోయేదాకా గడిపేస్తాం. ఆ కూడికలో సుఖం ఉంది, నేను కాదనను. కానీ వీధి తెలియదు.

నాకు మొదటి పని మనవడి వల్ల పడింది. అక్కడ చిన్న తరగతులు తమ భాష అమ్హారిక్‌లో చదివిన పిల్లలు తొమ్మిదో తరగతికి రాగానే అన్నీ ఇంగ్లీషులో చదవాలి. లెక్కలు రాక కాదు, ప్రశ్న అర్థంకాక పిల్లలు చతికిలబడతారు. మన తెలుగు మీడియం పిల్లలు ఇంటర్లో పడే అవస్థే అది, నేను పడ్డదే. సాయంత్రం వాడు పుస్తకం పట్టుకొచ్చేవాడు. ముందు వాక్యం విడగొట్టేవాళ్లం, తర్వాత లెక్క. వాడి చెల్లెలు ఊరుకోలేదు. తన బడి పలక తెచ్చి నాకు అక్షరాలు దిద్దించింది. ముప్పై మూడు అక్షరాలు, ఒక్కోదానికి ఏడు రూపాలు. లె, లు, లీ, లా, లే, ల్, లో. గుణింతం చదివిన నోటికి అది పట్టుబడటానికి ఎంతసేపు? నేను తప్పుగా రాస్తే ఆ పిల్ల తన అరచేత్తో చెరిపేసి మళ్లీ రాయించేది.

సెలవులకి ఇంటికి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు అరకు నుంచి పచ్చి కాఫీ గింజలు తీసుకెళ్లాను. అరబికా మొక్కకి పుట్టిల్లు ఇథియోపియా అడవులే, మన అరకు గిరిజనులు పండించేదీ ఆ మొక్కే. ఎమామా ఆ గింజల్ని చేటలో పోసుకుని వెలుగులోకి తెచ్చింది. ఒక్కో గింజా తిప్పి చూసి, పగిలినవి ఒక పక్కకి, మచ్చ ఉన్నవి ఇంకో పక్కకి ఏరింది. నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికింది. వేయించి, కాచి, మూడు వాయిలూ తాగాక అప్పుడు చెప్పింది: గింజ మంచిదే, ఆరబెట్టినవాళ్లు తొందరపడ్డారు అని. మర్యాదకి బాగుందని అని ఊరుకోవచ్చు, అలా అనలేదు. ఆ రోజు నాకు చాలా సంతోషం వేసింది.

ఆ వానాకాలంలో తాతగారు పోయారు. చావు కబురు చెప్పడానికి తెల్లవారుజామున వీధిలో బాకా ఊదారు. అక్కడ ప్రతి వీధికీ ఇదిర్ అని ఒక సంఘం ఉంటుంది. నెలనెలా అందరూ కొంత డబ్బు కడతారు. ఎవరింట్లో చావు జరిగినా ఆ సంఘమే అన్నీ చూసుకుంటుంది. డేరా, బల్లలు, గిన్నెలు సంఘానివే. సభ్యులు వచ్చి తీరాలి, రాకపోతే జరిమానా. పొద్దెక్కేసరికి వీధికి అడ్డంగా డేరా లేచింది. మగవాళ్లు బల్లల మీద, ఆడవాళ్లు లోపల. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకపోవడం మన దగ్గరా ఉన్నదే. ఇరుగుపొరుగు ఆడవాళ్లు గోధుమలు, సెనగలు ఉడకబెట్టి తెస్తున్నారు. నేను తెల్లపంచ కప్పుకుని ఒక మూల నిలబడ్డాను. ఎటెటె ఏడుస్తూనే వచ్చి, సామాన్ల గది తాళంచెవి నా చేతిలో పెట్టి, ఎవరేం తీసుకుంటున్నారో రాసిపెట్టమంది. సంఘం గిన్నెలు తగ్గితే ఇంటివాళ్లే కట్టుకోవాలి మరి. మూడు రోజులూ ఆ గుమ్మంలో కూర్చుని ట్రేలు, గ్లాసులు, దేగిశాలు రాశాను. వాళ్ల అక్షరాల్లోనే రాశాను, పిల్ల పక్కన కూర్చుని గుణింతాలు సరిచేసింది. చివరిరోజు లెక్క చూస్తే గ్లాసులతో సహా అన్నీ సరిపోయాయి. నలభయ్యో రోజు కర్మ అయ్యాక ఎమామా నన్ను వెంటబెట్టుకుని ఇదిర్ పెద్దల దగ్గరికి తీసుకెళ్లి నా పేరు రాయించింది. అప్పట్నుంచి నెలకింత చందా కట్టాను. బాకా వినిపిస్తే క్లాసు ఇంకోరోజుకి మార్చుకుని వెళ్లాను.

మా నాన్నగారు శ్రీకాకుళంలో పోయినప్పుడు నేను బహిర్ దార్‌లోనే ఉన్నాను. మా ఆయన ఆ మాట నాతో చెప్పలేక, నాతో పనిచేసే తెలుగాయనకు ఫోన్ చేశారు. ఆయన రాత్రి వచ్చి ఇంటివాళ్లకు చెప్పారు. దూరాన ఎవరైనా పోతే ఆ కబురు రాత్రిపూట చెప్పరు, ఒక్కరే వెళ్లి చెప్పరు. నిద్రపోనిచ్చి, తెల్లవారాక పదిమంది కలిసి వెళ్లి చెబుతారు. అది వాళ్ల ఆచారం. పొద్దున్నే తలుపు తీసేసరికి వాకిలి నిండా మనుషులు. ఆడవాళ్లందరూ తెల్లటి పంచలు, రంగు అంచు మెడ దగ్గరికి వచ్చేలా కప్పుకుని ఉన్నారు. ఆ దేశంలో అంచు అలా కప్పుకునేది చావుకి వెళ్లేటప్పుడే. అప్పటికే ఎన్నో ఇళ్ల ముందు నేనూ అలా కప్పుకుని నిలబడ్డాను. ఎవరూ నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. ఎమామా నన్ను నేల మీద కూర్చోబెట్టి తన ఒళ్లోకి లాక్కుంది. నాన్నగారిని ఎన్నడూ చూడని ఆడవాళ్లు ఆయన కోసం ఏడ్చారు. బహిర్ దార్ నుంచి అడిస్, అక్కడ్నుంచి ముంబై, అక్కడ్నుంచి విశాఖ. దహనానికి అందుకోలేనని అందరికీ తెలుసు. విమానం వేళ అయ్యేదాకా వాకిట్లో డేరా వేసి నాతో కూర్చున్నారు. బయల్దేరేముందు ఇదిర్ కోశాధికారి వచ్చి సంతకం పెట్టించుకుని డబ్బు ఇచ్చారు. నాకు జీతం ఉంది, అవసరం లేదు అనలేదు. వీధిలో అందరికీ వచ్చేదే నాకూ వచ్చింది. పుచ్చుకున్నాను.

కాంట్రాక్టు అయ్యాక తిరిగి వచ్చేశాను. మనవడు అక్కడే డిగ్రీ, పీజీ చేసి, పీహెచ్‌డీకి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాడు. విశాఖలో ఇథియోపియా విద్యార్థులు కొత్తకాదు, చాలా ఏళ్లుగా వస్తున్నారు. కానీ వాళ్లకి ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడేవాళ్లు, ఇచ్చినా గుమ్మంలోనే మాట్లాడి పంపేసేవాళ్లు మన దగ్గర ఉన్నారు. ఇది నన్ను బాధపెడుతుంది, ఈ మాట రేడియోలో చెప్పాలనుకునే వచ్చాను. మనవాళ్లకి అక్కడ అలా జరగలేదు.

మనవడు విశాఖ వచ్చిన మొదటి ఆదివారమే మా అత్తగారు వాడికి పని చెప్పారు. మంచినీళ్ల క్యాను పైకి తేవాలి, అటక మీద ఇత్తడి గుండిగ దింపాలి, తనని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నేను ఏమీ నేర్పలేదు, ఆవిడకి ఆవిడే చెప్పారు. 2023 ఆగస్టులో అమ్హారా ప్రాంతంలో పోరు ముదిరి అత్యవసర పరిస్థితి పెట్టాక, మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. ఫోను కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు. ఆ రోజుల్లో వాడు హాస్టల్లో ఉండలేక మా ఇంట్లోనే పడుకునేవాడు. తల్లి గొంతు వినపడ్డ రోజు అన్నం తినేవాడు, వినపడని రోజు కంచం ముందు ఊరికే కూర్చునేవాడు. మా అత్తగారు కలిపి ముద్దలు పెట్టేవారు.

మా అమ్మాయి పెళ్లి ఆ మాఘమాసంలోనే జరిగింది. వాడు పంచె కట్టి, నడుముకి కండువా బిగించి, సాంబారు బకెట్ పట్టుకుని పంక్తుల మధ్య తిరిగాడు. మగపెళ్లివారికి కొసరి కొసరి వడ్డించాడు. రాత్రి ఎలాగో లైను కలిసింది. ఎటెటె పిల్ల పెళ్లి గురించి, నగల గురించి అన్నీ అడిగి, చివరికి మావాడు తిన్నాడా అంది. తిన్నాడు, మేమందరం తిన్నప్పుడే, ఆఖరి బంతిలో, అని చెప్పాను.